మింగుడుపడని కథ
(జీర్ణనాళంలో వేసే స్టెంట్ల చరిత్ర – వాటితో వచ్చే చిక్కులు)



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు ముందుగా పే రివిజన్ కమిషన్ల చరిత్ర వ్రాద్దామనుకున్నాను. ఆ విషయం నాకన్నా బాగా వ్రాయగలవారు మన సంఘంలో పదిమంది ఉన్నారు. అందుచేత 2011 నుంచి నా మనసులో ఉండిపోయిన మరొక విషయం ఎత్తుకుంటున్నాను. అది స్టెంటు గురించి. స్టెంటు అనగానే మనవాళ్ళు గుండె మీద చేయి వేసుకుంటారు. నేను చెప్పబోయేది గుండెలో వేసేది కాదు, తిండి దిగే దారిలో వేసేది.

ఆ సంవత్సరం మా పెద్దక్క భర్త, అంటే మా బావగారికి, ముద్ద దిగడం కష్టమైంది. ఆయన బడిపంతులుగా చేసి రిటైరైనవారు. మొదట జొన్నరొట్టె దిగలేదు. తరువాత అన్నం దిగలేదు. చివరికి పలుచని గట్క కూడా గొంతులోనే నిలిచిపోయేది. నార్కట్‌పల్లిలో చూపించి, అక్కడినుంచి హైదరాబాదులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయినాము. అన్నవాహిక కింది కొసన, కడుపులో కలిసేచోట కాన్సర్ అన్నారు. వయసు, నీరసం చూసి ఆపరేషన్ కుదరదన్నారు. లోపల గొట్టం ఒకటి వేస్తామని, రేపటినుంచి తాగుతారు, తింటారని చెప్పి ఒక కాగితం చేతికిచ్చారు. రెండు పుటలు, ఇంగ్లీషులో, చిన్న అక్షరాలు. అక్క కళ్ళు తుడుచుకుంటున్నది. నేను సంతకం చేశాను.

తాలూకా కచేరీలో చేరి, 1985లో మండలాలు ఏర్పడిన తరువాత మండల రెవెన్యూ కార్యాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. అంత సర్వీసులో చదవకుండా ఒక్క ఫైలు మీద పొట్టి సంతకం కూడా పెట్టలేదు. ఆ రోజు మాత్రం పెట్టాను. ఆ కాగితంలో ఏముందో తరువాతి ఎనిమిది నెలల్లో ఒక్కొక్క వాక్యంగా తెలిసివచ్చింది.

బావగారు పోయిన తరువాత ఈ గొట్టం ఎక్కడినుంచి వచ్చింది, దానికి ఆ జబ్బులన్నీ ఎందుకు అంటుకుని ఉన్నాయి అని చదవడం మొదలుపెట్టాను. మెడిసిన్ చదివిన మా మనవరాలు అర్థం కానిచోట విడమరచి చెప్పింది. నేను వైద్యుణ్ణి కాను. ఇది చికిత్స చెప్పే వ్యాసం కాదు. మనబోటివారు తెలుసుకోదగిన చరిత్ర మాత్రమే.

పేరు వెనుక పంటి డాక్టరు

స్టెంటు అన్నది ఒక మనిషి ఇంటిపేరు. చార్లెస్ స్టెంట్ (1807–1885) అనే ఇంగ్లండు దంతవైద్యుడు 1856లో కట్టుడు పళ్ళ కోసం చిగుళ్ళ అచ్చు తీసే ఒక ముద్దను తయారుచేశాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఎస్సర్ అనే డచ్చి శస్త్రవైద్యుడు, ముఖాలు చెదిరిపోయిన సైనికులకు చర్మం అతికేటప్పుడు అది కదలకుండా ఉండేందుకు ఆ ముద్దనే వాడాడు. అప్పటినుంచి శరీరంలో దేన్నైనా నిలబెట్టి ఉంచే ఆధారానికి స్టెంటు అనే మాట స్థిరపడింది. పాపం ఆ దంతవైద్యుడికి ఈ గొట్టాలతో ఏ సంబంధమూ లేదు.

తిమింగలం పుల్ల, కత్తి మింగేవాడు

పేరు కొత్తదైనా అవస్థ పాతది. ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1674లో ఒక రోగిని గురించి వ్రాశాడు. అన్నవాహిక కింది ద్వారం తెరుచుకోక ఆ మనిషికి తిన్నదంతా వెనక్కి వచ్చేది. విల్లిస్ తిమింగలం నుంచి తీసిన వంగే పుల్లకు కొసన స్పంజి కట్టి ఇచ్చాడు. రోగి ప్రతి భోజనం తరువాత దాన్ని గొంతులోకి దింపి తిండిని కిందికి తోసుకుంటూ పదిహేనేళ్ళు బతికాడట.

లోపలికి తొంగిచూసే సాధనం రావడానికి మరో రెండు వందల ఏళ్ళు పట్టింది. చిన్నప్పుడు చెర్వుగట్టు జాతరలో కత్తి మింగే గారడీవాణ్ణి చూసి మేము నోరు వెళ్ళబెట్టేవాళ్ళము. 1868లో జర్మనీలో కుస్‌మాల్ అనే వైద్యుడు అటువంటి గారడీవాణ్ణే పిలిపించి, అతని గొంతులోనుంచి కడుపుదాకా తిన్నని గొట్టం దింపి చూశాడు. మెడ సరిగ్గా చాస్తే దారి తిన్నగానే ఉంటుందని ఆ గారడీవాడి వల్లనే వైద్యలోకానికి తెలిసింది. వంగే కాంతితంతువుల ఎండోస్కోపును 1957లో హిర్షోవిట్జ్ అమెరికాలో చూపించాడు. ఈనాటి స్టెంట్లన్నీ దాదాపుగా ఆ దారినే లోపలికి పోతాయి.

జర్మన్ సిల్వర్ నుంచి ప్లాస్టిక్ దాకా

కాన్సర్ గడ్డ అడ్డుపడినచోట గొట్టం పెట్టి అక్కడే వదిలివేసే ప్రయత్నం 19వ శతాబ్దంలోనే జరిగింది. 1885లో లండన్ గైస్ ఆసుపత్రిలో చార్టర్స్ సైమండ్స్ అది చేసి చూపించాడు. గొట్టం కిందికి జారిపోకుండా దానికి పట్టుదారం కట్టి, దారం కొస నోటినుంచి బయటికి తెచ్చాడు. ఈ చిన్న సంగతి నన్ను చాలాసేపు ఆపింది. గొట్టం జారిపోతుందన్న భయం గొట్టంతోబాటే పుట్టింది. ఆ దారం నేటికీ వేరే రూపాల్లో కడుతూనే ఉన్నారు.

1924లో హెన్రీ సౌటర్ అనే లండన్ శస్త్రవైద్యుడు జర్మన్ సిల్వర్ తీగను చుట్లు చుట్టి వంగే గొట్టం చేశాడు. మన ఇళ్ళలో గిన్నెలకు, పళ్ళాలకు వాడిన జర్మన్ సిల్వరే. అతడే మరుసటి ఏడు మూసుకుపోయిన గుండె కవాటాన్ని వేలు పెట్టి తెరిచినవాడు. 1950లలో ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి. 1959 నాటి సెలెస్టిన్ గొట్టం వేయాలంటే పొట్ట కోసి, కింది నుంచి లాగి కూర్చోబెట్టవలసి ఉండేది. తరువాత ఎండోస్కోపు సాయంతో పైనుంచి తోసే గొట్టాలు వచ్చి ఆ కోత తప్పింది.

కాని ప్లాస్టిక్ గొట్టం ముడుచుకోదు. అది పోవాలంటే ఇరుకైన దారిని ముందుగా బలవంతంగా వెడల్పు చేయాలి. గడ్డతో పెళుసైపోయిన గోడ ఆ ఒత్తిడికి చిరిగేది. తిన్నదీ తాగినదీ ఛాతీలోకి పోయి చీముపట్టేది. ముద్ద దిగడం కోసం చేసిన పనే కొందరి ప్రాణం తీసేది.

తనంతట తాను విచ్చుకునే లోహం

దీనికి విరుగుడు ఆసుపత్రిలో పుట్టలేదు. అమెరికా నౌకాదళ ఆయుధ పరిశోధనశాలలో 1959లో విలియం బ్యూలర్ నికెల్, టైటానియం కలిపి ఒక మిశ్రలోహం తయారుచేశాడు. 1960ల తొలినాళ్ళలో జరిగిన ఒక సమావేశంలో, మడతలు పెట్టిన ఆ లోహపు రేకును ఒక అధికారి చుట్ట పైపు వెలిగించే లైటరుతో వేడిచేస్తే మడతలన్నీ విప్పుకుని తిన్నగా సాగిందట. తన పాత రూపాన్ని గుర్తుంచుకునే ఈ లోహానికి నిటినాల్ అని పేరు. దీనితో అల్లిన గొట్టాన్ని పెన్సిలంత సన్నగా నొక్కి పెట్టి లోపల వదిలితే ఒకటి రెండు రోజుల్లో నెమ్మదిగా పూర్తిగా విచ్చుకుంటుంది. దారిని ముందుగా బలవంతంగా చీల్చవలసిన పని చాలావరకు తప్పింది.

1983లో జర్మనీకి చెందిన ఫ్రింబర్గర్ విచ్చుకునే లోహపు చుట్టను అన్నవాహికలో వాడినట్లు ప్రకటించాడు. 1993లో పాత ప్లాస్టిక్ గొట్టాన్ని, కొత్త లోహపు వలను 42 మంది కాన్సర్ రోగుల్లో పోల్చి చూసిన అధ్యయనం వెలువడింది. ప్లాస్టిక్ గొట్టం వేసినవారిలో గొట్టం వల్ల తొమ్మిది చిక్కులు వచ్చాయి. లోహపు వల వేసినవారిలో ఒక్కటీ రాలేదు. ఇక ప్లాస్టిక్ రోజులు చెల్లినట్లే అనుకున్నారు. వాడకం పెరిగి, రోగులు వందలు వేలు అయినకొద్దీ లోహానికీ తన చిక్కులు తనకున్నాయని బయటపడింది.

ఒక చిక్కు తీరితే మరొకటి

ఈ వ్యాసానికి ఇదే ఆయువుపట్టు కనుక కాస్త నిదానంగా చెబుతాను.

మొదటి లోహపు గొట్టాలు ఉత్త వలలు. వల గోడలోకి కరచుకుని ఉంటుంది కనుక అంత సులభంగా జారదు. కాని తడిక సందుల్లోనుంచి బీరతీగ పాకినట్లు గడ్డ ఆ కన్నాలలోనుంచి లోపలికి పెరుగుతుంది. కొన్ని నెలల్లో దారి మళ్ళీ మూసుకుంటుంది. ఇటువంటి వలను తిరిగి తీయడమూ కష్టం.

దానికి మందుగా వలకు సిలికాన్ వంటి పొర తొడిగారు. 1990ల మొదట్లో కొరియా వైద్యుడు సాంగ్ హో-యంగ్ ఈ పనిలో ముందున్నవారిలో ఒకడు. పొర ఉంటే గడ్డ లోపలికి రాలేదు. అన్నవాహికకు, ఊపిరిగొట్టానికి మధ్య రంధ్రం పడితే అదీ మూసుకుంటుంది. అయితే పొర నున్నగా ఉంటుంది. గోడ దాన్ని పట్టుకోలేదు. గొట్టం జారి కడుపులో పడుతుంది, ఒక్కొక్కప్పుడు ఇంకా కిందికి పోయి ప్రేగుకు అడ్డుపడుతుంది. ముఖ్యంగా మందులకు గడ్డ కరిగి చిక్కినప్పుడు జారడం ఎక్కువ. జారకూడదంటే మధ్యలో పొర, రెండు కొసల వల అని మధ్యేమార్గం తీశారు. అప్పుడు గడ్డ కొసల దగ్గర పెరుగుతుంది. గట్టిగా నిలవాలని గొట్టాన్ని వెడల్పు చేస్తే గోడ ఒరుసుకుని నొప్పి, పుండు, రక్తస్రావం. లోగడ రేడియేషన్ తీసుకున్నవారిలో ఈ భయం మరీ ఎక్కువని పలువురు వైద్యులు భావిస్తారు.

ఇక అన్నవాహిక, కడుపు కలిసేచోట వేసిన గొట్టం సంగతి. అక్కడ దేవుడు పెట్టిన తలుపు ఒకటి ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని, తరువాత మూసుకుంటుంది. దాన్ని దాటి గొట్టం వేస్తే ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పడుకుంటే కడుపులోని పులుపు గొంతుదాకా ఎగదన్నుతుంది, ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది.

మా బావగారికి జరిగింది ఇదే. గొట్టం వేసిన మర్నాడు ఛాతీ నొప్పితో బాధపడ్డారు, రెండు మూడు రోజులకు తగ్గింది. నాలుగో రోజు పొద్దున చాయ్ తాగి, "బామ్మర్దీ, చాయ్ దిగిందిరా!" అని పసిపిల్లవాడిలా నవ్వారు. ఆ మాట ఈనాటికీ నా చెవిలో ఉంది. కాని ఇంటికి వచ్చిన తరువాత రాత్రి పడుకుంటే దగ్గు, మంట, ఉక్కిరిబిక్కిరి. జలుబు చేసిందనుకుని కషాయం పోశాము. మూడు వారాలు ఆయన మంచంమీద కూర్చునే నిద్రపోయారు. నలగొండలో ఒక డాక్టరుగారు చూసి, తలవైపు మంచంకోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టండి, రాత్రి భోజనం పెందలాడే ముగించండి అని చెప్పి, పులుపు తగ్గే మాత్ర వ్రాశారు. ఆ రాత్రి బావగారు పడుకుని నిద్రపోయారు. నాలుగు ఇటుకల మాట మాకు మూడు వారాల ముందే తెలియవలసింది.

రెండోసారి దసరాకు. పండుగపూట అందరితోబాటు ఒక మాంసం ముక్క నోట్లో వేసుకున్నారు. గొట్టంలో ఇరుక్కుని లాలాజలం కూడా దిగలేదు. మళ్ళీ హైదరాబాదు, మళ్ళీ ఎండోస్కోపు, మళ్ళీ ఖర్చు. గొట్టం వేసినవారు ఏమి తినాలో, ఏమి తినకూడదో డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క వ్రాసి లేదు.

పైత్యనాళం, పెద్దప్రేగు

కామెర్లు తెచ్చే అడ్డంకికి పైత్యనాళంలోనూ గొట్టాలు వేస్తారు. 1979లో హాంబర్గులో సోహేంద్ర అనే వైద్యుడు ఎండోస్కోపు ద్వారా ప్లాస్టిక్ గొట్టం పెట్టే పద్ధతి మొదలుపెట్టాడు. పైత్యరసంలోని మడ్డి, సూక్ష్మక్రిములు చేరి ఆ సన్నని గొట్టం పూడుకుపోయేది. 1992లో వెలువడిన డచ్చి అధ్యయనంలో 105 మందిని పరిశీలిస్తే ప్లాస్టిక్ గొట్టం మధ్యస్థంగా 126 రోజులు, లోహపు గొట్టం 273 రోజులు తెరిచి ఉన్నాయి. లోహానిది ఎక్కువ కాలమే. అయినా శాశ్వతం కాదు. గొట్టం ఉన్న మనిషికి చలితో జ్వరం, మళ్ళీ కళ్ళు పచ్చబడటం కనిపిస్తే అది మామూలు జ్వరం కాదు. గొట్టం మూసుకుపోయిందేమోనని అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

పెద్దప్రేగులో స్టెంటు వాడకాన్ని 1991లో జపాన్ వైద్యుడు డోమోటో ప్రకటించాడు. ప్రేగు మూసుకుని పొట్ట ఉబ్బిన రోగికి రాత్రికి రాత్రి ఆపరేషన్ చేసి పొట్టమీద మలద్వారం పెట్టేకన్నా, ముందు స్టెంటు వేసి, మనిషి తేరుకున్నాక నిదానంగా ఆపరేషన్ చేయడం మేలు కదా అని అందరూ అనుకున్నారు. కాని 2011లో ప్రచురితమైన డచ్చి అధ్యయనాన్ని 98 మంది రోగులు చేరిన దశలోనే నిలిపివేయవలసి వచ్చింది. స్టెంటు వేసినవారిలోనే తొలి నెల చిక్కులు ఎక్కువగా కనబడ్డాయి. ప్రేగు చిల్లుపడటం వాటిలో ముఖ్యం. కాన్సరుకు కొత్త రక్తనాళాలు పెరగకుండా ఇచ్చే కొన్ని మందులతో ఈ చిల్లు ప్రమాదం ఇంకా పెరుగుతుంది. తదుపరి అనుభవంతో 2020లో యూరప్ ఎండోస్కోపీ సంఘం తన మార్గదర్శకాన్ని సవరించింది. స్టెంటు ఒక మార్గమే, అయితే రోగితో కలిసి చర్చించి నిర్ణయించాలి అన్నది దాని సారం.

మన హైదరాబాదు వంతు

స్టెంట్ల చరిత్రలో మన రాజధానికీ చోటుంది. 1998లో అబ్దుల్ కలాంగారు, హృద్రోగ నిపుణులు సోమరాజుగారు కలిసి తక్కువ ఖర్చుతో గుండె స్టెంటు రూపొందించారు. అది కలాం–రాజు స్టెంటుగా పేరుపొందింది. జీర్ణకోశానికి వస్తే, 1994లో డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డిగారు సోమాజిగూడలో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ స్థాపించారు. 2025లో వారికి పద్మవిభూషణ్ లభించింది. క్లోమం వాచి దాని చుట్టూ చేరిన నీటిని, చీమును కడుపులోకి మళ్ళించడానికి వాడే నాగి స్టెంటు వారి పేరుమీద వెలసినదే. రెండు కొసలూ వెడల్పుగా, డమరుకంలా ఉంటుంది.

ఇటువంటి లోహపు గొట్టాలకూ ఒక గడువు ఉంది. లోపలి నీరు పోయి సంచి కుదించుకున్న తరువాత గొట్టం అక్కడే ఉంటే పక్కనున్న రక్తనాళాన్ని ఒరుసుకుంటుంది. అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో మూడు వారాలు దాటినవారిలో రక్తస్రావం వంటి చిక్కులు కనబడి, ఆ గడువుకే స్కాన్ తీసి గొట్టం తొలగించే పద్ధతి పెట్టారు. నొప్పి తగ్గింది కదా అని తిరిగి ఆసుపత్రి మెట్లు ఎక్కకపోవడం మన పల్లెలవారి అలవాటు. ఈ గొట్టం విషయంలో అది ప్రాణంమీదికి తెస్తుంది.

మరొక సంగతి. 1955లో హైదరాబాదులో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సర్ ఆసుపత్రి పేరు మన తరంవారందరికీ తెలుసు. కాన్సర్ అంటే అప్పట్లో రేడియం కరెంటు పెట్టించడమే. గొట్టం వచ్చాక అది పాతబడిందనుకున్నాము. కాని 2004లో నెదర్లాండ్స్‌లో 209 మంది అన్నవాహిక కాన్సర్ రోగులను పోల్చి చూశారు. సగంమందికి స్టెంటు, సగంమందికి అన్నవాహిక లోపలే ఒక్కసారి రేడియేషన్. స్టెంటుతో త్వరగా ముద్ద దిగింది. రేడియేషన్‌తో ఆలస్యంగా దిగినా ఆ సుఖం ఎక్కువ కాలం నిలిచింది. చిక్కులు స్టెంటువారిలో నూటికి 33 మందికి, రేడియేషన్‌వారిలో 21 మందికి. అంటే కొద్ది వారాలే మిగిలినవారికి గొట్టం మేలు, కొన్ని నెలలు బతకగలవారికి రెండో దారి ఆలోచించదగినది. మా బావగారు ఎనిమిది నెలలు ఉన్నారు. రెండో దారి ఉందా అని నేను అడగలేదు, వారు చెప్పలేదు.

సంతకానికి ముందు

2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో సమ్మతి పత్రం గురించి తీర్పు ఇచ్చింది. చికిత్స ఏమిటి, దానివల్ల లాభమేమిటి, వేరే మార్గాలేమిటి, గణనీయమైన ప్రమాదాలేమిటి అన్నవి రోగికి తెలిసేలా వైద్యుడు చెప్పాలి. అరుదైన ప్రతి ప్రమాదాన్నీ ఏకరువు పెట్టనక్కరలేదు. కాబట్టి అడగడం డాక్టరును అనుమానించడం కాదు, అది మన హక్కు. నా అనుభవంతో ఈ ప్రశ్నలు వ్రాస్తున్నాను. కత్తిరించి బీరువాలో పెట్టుకోండి.

1. గొట్టానికి పొర ఉన్నదా, లేదా? జారే భయం ఎక్కువా, మూసుకునే భయం ఎక్కువా?
2. ఇది ఉండిపోయేదా, తీసివేయవలసినదా? తీయవలసినదైతే ఏ తేదీకి?
3. గొట్టం కాక మరొక మార్గం ఉన్నదా? మా రోగికి ఏది తగును?
4. రోగి ఇప్పుడు వాడుతున్న, ముందు వాడబోయే కాన్సర్ మందులు, రేడియేషన్ సంగతి గొట్టం వేసేవారికి తెలుసునా?
5. ఏమి తినాలి, ఎలా పడుకోవాలి? ఇది తెలుగులో వ్రాసి ఇస్తారా?
6. ఏ లక్షణం కనబడితే వెంటనే రావాలి? రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

అన్నవాహికలో గొట్టం ఉన్నవారు కూర్చుని తినాలి, మెత్తగా నమిలి, మధ్యమధ్య గుక్కెడు నీరు తాగాలి. మాంసం ముక్కలు, గట్టి రొట్టె, పీచు కూరలు మానాలి. నల్లటి విరేచనం, రక్తపు వాంతి, విడవని నొప్పి, నీరు కూడా దిగకపోవడం – వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగవద్దు.

గొట్టం వేయించడం తప్పని నేను అనను. అది లేకపోతే ఆయన ఆకలితో పోయేవారు. అది ఉండబట్టే మనవడి పెళ్ళిలో రెండు చెంచాల పాయసం తిన్నారు. మెడికల్ రీయింబర్స్‌మెంటు కోసం బిల్లులు జతపరుస్తున్నప్పుడు ఆ సమ్మతి పత్రం జిరాక్సు నా చేతికి వచ్చింది. అప్పుడు కూర్చుని మొదటిసారి చదివాను. నొప్పి, చిల్లు, రక్తస్రావం, జారడం, పులుపు ఎగదన్నడం, తిండి ఇరుక్కోవడం అన్నీ వరుసగా ఉన్నాయి. ఎగదన్నడం ఐదో వరుసలో ఉంది. కింద నా సంతకం, తేదీతో సహా.

మన సభ్యుల ఇళ్ళలో ఎవరికైనా ఇటువంటి కాగితం చేతికి వస్తే, తొందర లేదు, ఒక పది నిమిషాలు అడిగి తీసుకోండి. చదివించుకోండి. తరువాతే సంతకం చేయండి.

– ఒక విశ్రాంత గుమాస్తా, కట్టంగూర్